నాలుగో ప్రాజెక్టు

పోయిన నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనెక్కడున్నానో చెప్తే మీరు నమ్మరు. బంగారుపాళ్యంలో, మామిడికాయల లారీ నీడలో, డ్రైవర్ల మధ్య కూర్చునున్నాను. వాళ్లలో ఒక్కడూ నాతో మాట్లాడట్లేదు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందుండాల్సినవాణ్ణి, ఒక్క బటన్ నొక్కిన పాపానికి అక్కడ తేలాను. బటన్ మాత్రం కరెక్టుగానే నొక్కాను, అది ముందే చెప్తున్నా.

మా ఆఫీసు ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తుంది. ఇప్పుడు చేతిలో మూడు పనులున్నాయి: రేణిగుంటలో గోడౌను, తిరుచానూరులో లాడ్జి, బంగారుపాళ్యంలో మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. పనులు మూడు గానీ మనుషులు ఒకటే జట్టు. అందులోనూ అందరికీ కావలసినవాడు మునిరత్నం. ప్యానెల్ బోర్డులో చివరి కనెక్షన్లిచ్చి కరెంటు వదలాలంటే అతనే రావాలి. పొద్దున్నే ముగ్గురు సూపర్‌వైజర్లు ఫోన్లు చేసి అతనికోసం కొట్టుకునేవాళ్లు. గొంతు ఎవరిది పెద్దదైతే ఆ రోజుకి మునిరత్నం వాళ్లవాడు.

ఇలా కాదని మా ఓనర్ సుబ్రమణ్యం సార్ ప్రాజెక్టులు నడిపే సాఫ్ట్‌వేర్ కొని, నన్ను చెన్నైకి ట్రైనింగుకి పంపారు. వచ్చాక నేను ఊరుకుంటానా? ఎవరు ఏ రోజు ఎక్కడుండాలో రంగురంగుల గీతలతో చార్టు వేసి గోడనిండా అంటించాను. "ఇకమీదట అరుపుల్లేవు, చార్టులో ఏముంటే అదే" అని అందరికీ చెప్పేశాను. ఫ్యాక్టరీ పెట్టిన నాయుడుగారికి ఇది మొదటి సీజను, కాయలొచ్చేది శుక్రవారం. మొదటి రోజే మిషన్లు తిరగకపోతే రైతులు కాయల్ని పక్క ఫ్యాక్టరీకి తోలుకుపోతారు. అందుకే సార్ ఒకటికి రెండుసార్లు అడిగారు. శుక్రవారం కరెంటు రాకపోతే నన్నడగండి అని ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పాను.

అంతా బాగానే ఉంది గానీ, చార్టు ప్రకారం సైట్లో ఉండాల్సిన మనుషులు మాటిమాటికీ మాయమైపోతున్నారు. ఆరా తీస్తే కొండమీద తేలుతున్నారు! తిరుపతిలో వ్యాపారం చేసేవాడికి చేసే పని ఒకటైతే, మనకు పనులిచ్చే పార్టీల చుట్టాలకు దర్శనం చేయించే పని ఇంకొకటి. సెలవుల్లో అయితే మరీను. అందులోనూ మునిరత్నమే స్పెషలిస్టు. ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, చెప్పులెక్కడ వదలాలో, ఏ క్యూ తొందరగా కదులుతుందో అన్నీ అతనికి తెలుసు. చుట్టాలు పేరు పెట్టి మరీ అడుగుతారు.

సరే, దాచిపెట్టే పనేముంది, ఇదీ పనే కదా అని సాఫ్ట్‌వేర్‌లో నాలుగో ప్రాజెక్టు తెరిచాను. పేరు: దర్శనం. అందరూ నా తెలివికి ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న వేసింది. ఒకే మనిషి రెండు చోట్ల కావలసివస్తే ఏ పని ముందు? నంబరు వెయ్యి, పెద్ద నంబరైతే ముందు ఆ పనికే ఇస్తానంది. మీరే చెప్పండి, తిరుపతిలో పుట్టి పెరిగినవాడు స్వామి పనిని మామిడికాయల కింద పెడతాడా? నాకు చెయ్యి రాలేదు. అది ఒప్పుకున్నంత పెద్ద నంబరు కొట్టి, మనసులో ఒక దండం పెట్టుకుని, అన్నిటినీ సర్దే బటన్ నొక్కాను.

సర్దింది. గురువారం సాయంత్రం ఎవరి చీటీ వాళ్లకు ప్రింటు తీసి పంపించాను. మునిరత్నం ఫోన్ చేశాడు. "సార్, రేపు బంగారుపాళ్యం అనుకుంటిని, చీటీలో వేరే ఉండాదే" అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. చీటీలో ఏముంటే అదే అని పెట్టేశాను.

శుక్రవారం పొద్దున నాయుడుగారి ఫోను.

"ఏమబ్బా, మీ మునిరత్నం యాడుండాడు? తోతాపురి లారీలు వచ్చి గేటు కాడ నిలబడినాయి."

ఒక్క నిమిషం సార్ అని ధీమాగా కంప్యూటర్‌లో చూశాను. ఫ్యాక్టరీ గీత జరిగి జరిగి వచ్చే వారంలో కూర్చునుంది. శుక్రవారం గడిలో మునిరత్నం పేరు పక్కన: దర్శనం. ఇంకో ఫోన్ తీసి మునిరత్నం సెల్‌కి కొడితే స్విచాఫ్. కొండమీద క్యూలోకి పోయేముందు సెల్ బయటే పెట్టాలి కదా. పోనీ ఎవరి చుట్టాలో చూద్దామని ఆ గడిలోనే కింది వరస చదివితే, అక్కడ ఇంకా ఘోరం. నాయుడుగారి అత్తగారు!

దాచి లాభం లేదని లైన్లో ఉన్న నాయుడుగారికి చెప్పేశాను. మనిషిని పంపి క్యూలోంచి పిలిపిస్తానన్నాను. 

"మా అత్త ఉండాదా ఆడ?" అన్నారు, గొంతు బాగా తగ్గించి. "వద్దబ్బా, కదిలించొద్దు. ఆమె దర్శనం చెడిపోతే లారీలతో పాటు నేనూ గేటు బయటే ఉండాల."

నేను బండేసుకుని బంగారుపాళ్యం పరిగెత్తాను. పోయి చేసేదేమీ లేదు, ప్యానెల్ మూత కూడా నాకు తియ్యడం రాదు. కానీ తిట్టడానికైనా ఒక మనిషి కావాలి కదా. కాయలు ఎండకు వడలకుండా టార్పాలిన్లు కట్టిస్తూ, పక్క ఫ్యాక్టరీ వైపు చూసే డ్రైవర్లకు సోడాలు తాగిస్తూ, కుడితిలో పడ్డ ఎలుకలా మధ్యాహ్నం దాకా తన్నుకులాడాను. రెండు లారీలు నా కళ్లముందే రివర్స్ గేరు వేసినాయి. వాటికి అడ్డం పడి బతిమాలాను.

పొద్దు వాలుతుండగా కారొచ్చింది. ముందు మునిరత్నం దిగాడు, వెనక అత్తగారు. దర్శనం కన్నులపండువగా అయిందట, అల్లుడి ఫ్యాక్టరీని చూడకుండా ఇంటికి పోనన్నదట. మునిరత్నం నామం చెరక్కుండానే ప్యానెల్లో తలదూర్చాడు. చీకటి పడకముందే కరెంటు వచ్చింది. స్విచ్ ఆవిడ చేతే వేయించారు. మిషన్లు గర్రుమన్నాయి, డ్రైవర్లు నావైపు చూసి మొదటిసారి నవ్వారు. "ఈ అబ్బాయిని పంపించింది ఎవరో గానీ చల్లగుండాల" అంది అత్తగారు. నేను తేలు కుట్టిన దొంగలా ఒక లడ్డూ తీసుకుని ఊరుకున్నాను.

శనివారం సార్ నన్ను పిలిచి చార్టు ముందు నిలబెట్టారు. తిట్టలేదు. దర్శనం పనికి మునిరత్నాన్ని కాక ఖాళీగా ఉండే మనిషిని వెయ్యమన్నారు, అంతే. దానికేముంది సార్, ఖాళీ ఎవరో ఇదే చెప్తుందని మళ్లీ బటన్ నొక్కాను. గీతలన్నీ కదిలి సర్దుకున్నాయి. ఏ సైట్లోనూ, ఏ రోజూ, ఏ పనీ లేని పేరు ఒకటే మిగిలింది. చార్టు వేసేవాడి పేరు.

సార్ నా భుజం తట్టారు. "చార్టులో ఏముంటే అదే కదప్పా," అన్నారు.

సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఒక్క మాట అననివ్వను. అది పెట్టిన మనిషి అంత బాగా కుదిరాడు. ఇప్పుడు ఏ క్యూ తొందరగా కదులుతుందో నాకూ తెలుసు. మీ ఇంటికెవరైనా చుట్టాలొస్తే మాత్రం కాస్త ముందుగా చెప్పండి. ఇప్పుడు పొద్దున్నే ముగ్గురు సూపర్‌వైజర్లు ఫోన్లు చేసి కొట్టుకుంటున్నది నాకోసమే.