చందుర్తి ఎత్తు మీద చాచా

ఆదివారం. పొద్దెక్కే దాకా మంచు, తర్వాత పలచటి ఎండ. నల్లా వస్తే రెండు డ్రమ్ములు నింపాను.

చాచా పోయి ఈ రోజుకు పన్నెండు రోజులు. ఆ పొద్దున నేను దుకాణంలో ఒక లాగు అంచు కుడుతున్నాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ఆయన ఉరికివచ్చి, “మీ చాచా పడిపోయిండు, అచ్చి చూడు!” అన్నాడు. చాచా సైకిల్ దుకాణం నా దుకాణానికి పక్కనే, మధ్యలో ఒక్క గోడ. మిషన్ చప్పుడులో నాకేమీ వినపడలేదు. వెళ్లి చూస్తే గాలి పంపు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి, గుండె ఆగిపోయిందని, దారిలోనే అయిపోయిందని చెప్పింది.

కోరుట్లలో సైకిల్‌కు గాలి కొట్టించుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆయన మీకు తెలిసే ఉంటుంది. తెల్ల గడ్డం, నూనె మరకల లుంగీ, చెవి మీద ఎప్పుడూ ఒక సైకిల్ చక్రం పుల్ల. ఆయన నాకు చుట్టం కాదు. మాది సిరిసిల్లలో నేత కుటుంబం, ఆయనది ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం. ఆయన భార్యను చాచీ అనేవాణ్ణి. ఇరవై రెండేళ్లు పక్కపక్కన కూర్చుని పని చేశాం. నా చదువు ఐదో తరగతితో ఆగింది. మిగిలింది పాత పేపర్లు చదివి నేర్చుకున్నాను. ఆ రోజు ఏ పని చేశానో, వాన పడిందో లేదో రోజూ పుస్తకంలో రాసుకోవడం అప్పటి నుంచి అలవాటు. ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు.

మా ఇద్దరినీ కలిపింది నా వాంతులు. సిరిసిల్లలో మా అక్క ఉంటుంది. ఆమెను చూడటానికి బస్సెక్కితే చాలు, నాకు కడుపులో తిప్పేది. ఒకసారి పాలిపోయిన ముఖంతో దిగి దుకాణం తెరుస్తుంటే చాచా చూశాడు.

“బస్సు పడకపోతే ఏంది? సైకిల్ మీద పోవాలె.”

“అంత దూరమా చాచా?”

“దూరం మనల్ని ఏం జేస్తది బేటా? గది ఆడనే ఉంటది. మనమే మెల్లగ పోవాలె.”

అట్లా మొదలైంది. ప్రతి ఏడూ వరికోతలు అయ్యాక నాలుగు రోజులు రెండు దుకాణాలూ మూసేవాళ్లం. కోరుట్ల నుంచి జగిత్యాల, అక్కడి నుంచి మల్యాల, అక్కడి ఒక గుట్ట కింది నుంచి పెగడపల్లి, తర్వాత సిరిసిల్లలో అక్క ఇంట్లో ఒక పూట. వచ్చేటప్పుడు చందుర్తి మీదుగా గుట్టలెక్కి కోరుట్లకు. ఆయన సంచిలో పంపు, పంచర్ సామాను, ఒక సత్తు గిన్నె ఉండేవి. గిన్నెలో నీళ్లు పోసి ట్యూబు ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలు చెప్తాయి. ఏ ఊళ్లో ఆగినా ఎవరో ఒకరు పాత సైకిల్ తోసుకుంటూ వచ్చేవాళ్లు. చెట్టు కింద కూర్చుని బాగు చేసి ఇచ్చేవాడు. నేను పక్కన కూర్చుని పానాలు అందించేవాణ్ణి.

ఆ రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. ఎదురుగా లారీ వస్తే కార్లు వాటి మీదికే ఎక్కుతాయి. చాచా మాత్రం దిగి, సైకిల్ భుజం మీద పెట్టుకుని, మట్టి అంచున నడిచి దాటేవాడు. తినేదాని మీద చక్రం ఎక్కకూడదని ఆయన పట్టింపు. నేనూ మోయాల్సిందే. ఒకసారి మల్యాల దాటాక మక్కలు తిరగేస్తున్న ఒకామె పార ఆపి నవ్వింది.

“ఓ ముసలాయనా! మనిషి మీద సైకిల్ ఎక్కిందేందయ్యా? కార్లే తొక్కుకుంట పోతున్నయ్, నీ సైకిల్‌కు ఏం మక్కలు నలుగుతయ్?”

“కార్ల కడుపుల పెట్రోలు పడ్తది బిడ్డా. నా కడుపుల మక్కరొట్టె పడ్తది.”

ఆమె పక్కనున్న పొయ్యి దగ్గరికి వెళ్లి రెండు కాల్చిన కంకులు తెచ్చి ఇచ్చింది.

సిరిసిల్లలో అక్క గుమ్మంలోనే అందుకునేది. “అచ్చిండ్రా సైకిల్ సార్లు! కాళ్లు కడుక్కోండ్రి.”

“అమ్మా, నీ తమ్మునికి నోరున్నదా లేదా?” అని చాచా ఫిర్యాదు చేసేవాడు. “మూడు దినాల సంది నేను గాలితోటే ముచ్చట వెడుతున్న.”

“చిన్నప్పటి సంది గంతే చాచా. ఇల్లు అంటుకున్నా పుస్తకంల రాస్తడు గని మనిషికి చెప్పడు.”

ముగ్గురం నవ్వేవాళ్లం.

ఎత్తులు ఎక్కే పద్ధతి ఆయనే నేర్పాడు. “గుట్టను చూడకు. ముందరి చక్రం చూడు. గుట్ట దానంతట గదే అయిపోతది,” అనేవాడు. ఎత్తు మీద వెనక్కి తిరిగితే హ్యాండిల్ పక్కకు పోతుంది కాబట్టి ముందు పోయేవాడు తిరగకూడదు. ముందు నేను, వెనుక ఆయన. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఒకసారి గంట కొట్టేవాడు, వస్తున్నానని. నేను ఒకసారి కొట్టేవాణ్ణి, విన్నానని. అంతకు మించి మాట ఉండేది కాదు. మాటలు పెద్దగా రాని నాకు ఆ పద్ధతి ఎంతో హాయిగా ఉండేది.

పోయిన చలికాలం కూడా అట్లాగే వెళ్లాం. చందుర్తి దాటాక గుట్టల మధ్య ఎత్తు మొదలైంది. మొదటి మలుపులో గంట వినపడింది. రెండోదానిలో వినపడింది. మూడోది ఆలస్యమైంది కానీ వినపడింది. నేను జవాబు కొడుతూ పైకి చేరాను. నీళ్లు తాగాను. రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడ మీద కూర్చుని చాలాసేపు చూశాను. చివరికి చాచా మలుపు తిరిగి కనపడ్డాడు. సైకిల్ మీద లేడు. తోసుకుంటూ నడుస్తున్నాడు. మొదటి మలుపు దగ్గరే దిగాడట. అక్కడి నుంచి నడుస్తూనే, నేను ఆగిపోకూడదని, సమయానికి గంట కొడుతూ వచ్చాడు.

చలిలో చొక్కా అంతా తడిసి ఉంది. ఎడమ చెయ్యి ఛాతీ మీద ఉంది. నేను సైకిల్ అందుకున్నాను. ఆయన మోరీ మీద కూర్చున్నాడు. ఊపిరి అందాక అన్నాడు:

“చాచీకి చెప్పకు.”

“దవాఖానకు పోదాం చాచా.”

“పోత. కోరుట్లల నేనే పోత. ఆమెకు చెప్తే సైకిల్ ముట్టనియ్యది. మాటియ్యి బేటా.”

ఇచ్చాను. ఆ రోజు పుస్తకంలో ఇట్లా ఉంది: “ఎండ. చందుర్తి ఎత్తు మీద చాచా దిగి నడిచాడు. అరగంట కూర్చున్నాం.” కోరుట్లకు వచ్చాక రెండుసార్లు అడిగాను, దవాఖానకు పోయావా అని. “పోయిన, గోలీలిచ్చిండ్రు,” అన్నాడు. ఆ గోలీలు చూపించమని అడగలేదు. అడగడం నాకు రాదు. వారానికోసారి వాళ్ల ఇంటికి వెళ్లేవాణ్ణి. చాచీ చాయ్ ఇచ్చేది, తాగి వచ్చేవాణ్ణి.

ఆయన పోయిన మూడో రోజు ఫాతెహా ప్రార్థనకు వెళ్లినప్పుడు వాకిట్లో కూర్చున్నాను. లోపల చాచీ తన కూతురితో అంటున్న మాటలు వినపడ్డాయి. ముందు రోజు మిగిలిన తలకాయ కూర వేడిచేసి ఆ పొద్దున ఆయనకు పెట్టిందట. “మంచిగున్న మనిషి. ఒక్కదినం సుత ఛాతీ నొస్తుందనలే. నేనే పెట్టిన గా కూర. నా చెయ్యే తిన్నది ఆయనను.” బిడ్డ కాదంటోంది. ఆమె వినడం లేదు. అప్పుడే లేచి లోపలికి వెళ్లి చెప్పాల్సింది. లేవలేదు. ఇంటికి వచ్చి ఆ మాటలు పుస్తకంలో రాశాను.

తర్వాత తొమ్మిది రోజులూ ఆయన ఆ కూర తిన్న గిన్నెను ఆమె కడగనివ్వలేదని బిడ్డ చెప్పింది. సరిగ్గా తినడం లేదని కూడా.

ఈ రోజు వెళ్లాను. భర్త పోయిన తర్వాత వాళ్లలో ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే ఉంటుంది, పరాయి మగవాళ్ల ముందుకు రాదు. ఇరవై రెండేళ్లు ఎదురుగా కూర్చుని నాకు చాయ్ పోసిన మనిషికీ నాకూ మధ్య ఈ రోజు ఒక పచ్చ పరదా ఉంది. బిడ్డ నాకు కుర్చీ వేసింది. పరదా నేలకు జానెడు ఎత్తున ఆగింది. దాని కింద చాచీ పాదాలు కనపడుతున్నాయి.

“చాయ్ తాగినవా బేటా?”

“చాచీ, గా కూర తోటి గాదు,” అన్నాను. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటల్లో అదొక్కటే మిగిలింది. తర్వాతవి ఎట్లా వచ్చాయో తెలియదు. “పోయిన చలికాలమే ఆయనకు నొచ్చింది. చందుర్తి ఎత్తు మీద. ఛాతీ పట్టుకున్నడు. నీకు చెప్పద్దని మాట తీసుకున్నడు. నేను చెప్పలే.”

పాదాలు కదలలేదు.

“ఎన్ని నెలలాయె?”

“పదకొండు.”

“పదకొండు నెలలు,” అన్నది చాచీ. గొంతు పెంచలేదు. “వారం వారం అచ్చినవ్. నా చేతి చాయ్ తాగినవ్. నేను నీ ముందర కూసుండి, మీ చాచాకు గుర్రం లెక్క పానమున్నదంటే నవ్వినవ్.”

నవ్వాను. నిజమే.

“నాకు చెప్తే నేను కాళ్లు పట్టుకోని తీస్కపోదును గద బేటా దవాఖానకు.”

బిడ్డ గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. లేచి వెళ్లిపోవాలా, అక్కడే ఉండాలా తెలియక కుర్చీ అంచున కూర్చున్నాను. పరదా వెనుక నుంచి మళ్లీ మాట వినపడింది.

“ఏడ దిగిండు?”

“మొదటి మలుపు కాడ.”

“ఆడికెల్లి చెప్పు. అంతా చెప్పు. నేనెన్నడు సూడలే గా గుట్టలు.”

చెప్పాను. దారికి రెండు పక్కలా ఉన్న మోదుగు చెట్లు, ఎర్ర మట్టి, రోడ్డుకు అడ్డంగా పోయిన మేకల మంద. ఆయన చొక్కా తడవడం, సైకిల్ నాకు వెంటనే ఇవ్వకుండా రెండడుగులు తనే తోసుకుపోవడం. నా జన్మలో ఒకే పూట అన్ని మాటలు మాట్లాడలేదు. ఆమె మధ్యలో ఆపి అడిగేది: నీళ్లు తాగిండా? ఎన్ని బుక్కలు? టోపీ ఉన్నదా నెత్తి మీద?

“మోరీ మీద ఎటు దిక్కు మొఖం పెట్టి కూసున్నడు?”

అది నేను పుస్తకంలో రాయలేదు. కానీ నాకు బాగా గుర్తుంది.

“కోరుట్ల దిక్కు.”

పరదా అంచు మెల్లగా లోపలికి పోయింది. ఆమె దాన్ని రెండు చేతులా పిడికిట్లో పట్టుకున్నట్టుంది. పచ్చ గుడ్డ ముడతలు పడి అట్లాగే నిలబడిపోయింది. బయట ఎండ గడప దాటి నా కాళ్ల దాకా వచ్చింది.

తర్వాత బిడ్డ ఆ కూర గిన్నె తీసి బయటి నల్లా దగ్గరికి పట్టుకుపోయింది. నేను లేచాను. ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, పుస్తకం తెరిచి ఇదంతా రాశాను.