ఉప్పు కలిపిన ఐసు

మల్కాపురంలో మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆ మాటకొస్తే మా వీధి మొత్తానికే లేదు. డాక్టరుగారికేం, మా ఆయన మోకాలికి కుట్లు విప్పి, “రోజూ ఐసు పెట్టండమ్మా. వాపు తగ్గితేనే మోకాలు మడవగలడు, లేకపోతే కర్రలా బిగుసుకుపోతుంది” అనేసి ఊరుకున్నారు.

మా ఆయన నా మేనత్త కొడుకే. పోర్టులో క్రేన్ డ్రైవరు. ఇనప నిచ్చెన ఎక్కగలిగితేనే ఆ ఉద్యోగం. ఆ నిచ్చెన మీంచే జారి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆ వాపు చూస్తే నాకు అన్నం దిగేది కాదు. కాలు మడవకపోతే? పొయ్యి దగ్గరా అదే ఆలోచన, కుళాయి దగ్గరా అదే ఆలోచన.

ఐసు తెచ్చే పని మా తమ్ముడు నెత్తినేసుకున్నాడు. వాడు ఫిషింగ్ హార్బర్లో చేపల బుట్టలకు ఐసు కొట్టేవాడు. గోనెసంచిలో ఊక పోసి, మధ్యలో ఐసుగడ్డ పెట్టి సైకిలు మీద తెచ్చేవాడు. ఇల్లంతా నీచు కంపు. పోనీలే, కాలు బాగుపడితే చాలనుకున్నాను.

ఒకరోజు గడ్డకి బదులు బకెట్టు నిండా పొడిగా కొట్టిన ఐసు తెచ్చాడు. గుడ్డలో మూటకట్టి మోకాలికి చుట్టాను. కాసేపటికి మా ఆయన నవ్వాడు.

“నొప్పే తెలీట్లేదే. హాయిగుంది.”

ఆ మనిషి నవ్వి ఎన్నాళ్లయిందో! కానీ అంత వాపు ఉండి నొప్పే తెలీకపోవడమేంటని నాకు అనుమానమొచ్చింది. మూట సర్దబోతే, పొద్దున కత్తిపీట కోసిన వేలు చురుక్కుమంది. నాలిక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు.

“ఓరి నీ అఘాయిత్యం కూలా! దీన్లో ఏటి కలిపావురా?”

“ఉప్పేనే అక్కా. దూరం ఎల్లే సేపలకి అలాగే ఏత్తాం. ఇంకా సల్లగుంటాది.”

“మీ బావ సేపేట్రా!”

మూట లాగేశాను. చర్మం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గిల్లాను.

“తెలుస్తందా బావా?”

“లేదే” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తమ్ముడు రిక్షా కోసం పరిగెత్తాడు. నేను వెచ్చబడాలని రెండు అరచేతులూ ఆ మోకాలికి ఆనించి కూర్చున్నాను. నిచ్చెన గోల మర్చేపోయాను. మడవకపోయినా సరే స్వామీ, కాలుంటే చాలు అని మొక్కుకున్నాను.

ఆయన పెదవి కొరుక్కున్నాడు. తర్వాత వీధంతా వినబడేలా అరిచాడు.

“మండతందే! సచ్చిపోతన్నాను, సెయ్యి తియ్యే!”

నా చేతులు తప్పించుకోవాలని కాలు వెనక్కి లాక్కున్నాడు. మోకాలు మడతపడింది. కొంచెమే.

“అరువు బావా, ఇంకా గట్టిగా అరువు” అన్నాను, వెక్కివెక్కి ఏడుస్తూ.