మానిన, మానబోవు

బడిలో ముప్పయ్యేళ్లకు పైగా వ్యాకరణం చెప్పాను. ఒక ధాతుజ విశేషణం కోసం ప్రభుత్వంతో తగవు పడవలసి వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మా అర్ధవీడు పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబాలు తరలిపోయే కాలమది. మా వీధిలో గొర్రెలు మేపుకునే ఇల్లాలొకతె, తొమ్మిదో తరగతి చదివే కూతురితో మా అరుగెక్కింది. వలసపోయేవారి పిల్లలకు ప్రభుత్వ వసతి కేంద్రం ఉన్నది, అందులో చేర్పించమని ఆమె కోరిక. ముగ్గురం బస్సెక్కి మార్కాపురం కార్యాలయానికి వెళ్లాము.

దరఖాస్తు చదివి గుమాస్తా పెదవి విరిచాడు.

"ఈ పాప బడికి పోతాంది కద సార్! 'బడి మానిన పిల్లలకు' అని ఉంటేనే నిధులొచ్చేది. ఒక నెల మాన్పించండి. హాజరు పట్టీలో పేరు పోతే సీటు నేనే ఇప్పిస్తా."

తల్లి ముఖం వికసించింది. "అంతేనా నాయనా? రేపట్నుంచే గొర్రెలెంబడి తోలుతా."

"నేను మాననంటే మానను!" అన్నది పిల్ల. "అక్కను గూడ ఒక్క నెలే అన్నావు."

తల్లి తల వాల్చుకున్నది. ఆ అక్కకు, ఆ నెల తిరగకముందే, కోతల దగ్గరే పెళ్లి జరిగిపోయింది.

నేను గుమాస్తాతో అన్నాను: "అయ్యా, 'మానిన' అనేది భూతకాలం. చెరువుకట్ట తెగిన తరువాత లారీల మట్టికి నిధులుండి, తెగక ముందు తట్టెడు మట్టికి లేకపోవడం ఏమి న్యాయం? 'మానబోవు' అన్న మాట చేర్చండి."

"ఏంది పంతులు గారూ, జీవోకు గూడ సంధులు, సమాసాలు చెప్తాండారా? రాసింది నేనా?"

"రాసినవారికే పంపండి."

పంపలేదు. ఆ వారమే తల్లిదండ్రులు పిల్లను మాకప్పగించి కోతలకు లారీ ఎక్కారు. పిల్ల మా ఇంట ఉండి బడికి పోతున్నది. మా ఇంటావిడ దాన్ని కన్నకూతురికన్న మిన్నగా చూసుకుంటున్నది. అయినా సోమవారం అర్జీల వేళకు మళ్లీ వెళ్లి నిలబడ్డాను.

గుమాస్తా నవ్వాడు. "పిల్ల మీ ఇంట్లోనే ఉందంట కద! ఇంకేంది సార్ మీకు కష్టం?"

"మా ఇల్లు పథకం కాదు నాయనా. మేమిద్దరం ముసలివాళ్లం. మాకు ఉన్నది ఒక్క గది. కోతలకు పోయే ఇళ్లెన్నో మీకు తెలియదా? ఒకరి దయాధర్మం చూపి ప్రభుత్వం తన ధర్మాన్ని తప్పించుకోరాదు."

ఈసారి నా సంతకం కింద మరి నాలుగిళ్ల తల్లుల వేలిముద్రలున్నాయి. వాళ్ల పిల్లలు నలుగురూ ఆ ఉదయం బడిలోనే ఉన్నారు. ఆ మాటా అర్జీలో రాశాను, దాచలేదు.

అతడు 'మానబోవు' కింద ఎర్రసిరాతో గీత గీసి, "ఈ కాలమ్‌లో ఇట్లాంటిది లేదు సార్" అంటూ కాగితం వెనక్కు నెట్టాడు.

ఆ గీత మీదనే అందినట్లు ముద్ర వేయమన్నాను. వేసేదాకా అక్కడి నుంచి కదలలేదు.