ఒక కప్పు మీద రెండు పొగలు

డిప్లొమా చదివినవాడికి ఏదో ఒక ఆఫీసులో ఏదో ఒక కుర్చీ దొరుకుతుందని మా ఇంట్లో నమ్మకం. నాకు దొరికింది పొయ్యి. ఎనభైల మొదట్లో, పొగరాని పొయ్యిల పథకంలో టెంపరరీ సూపర్‌వైజర్ని. హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే మా నాన్న, కొడుకేం చేస్తున్నాడని గిరాకీలు అడిగితే "ఇంజనీరు లైన్ల ఉన్నడు" అని గుడ్డ కొలవడంలో మునిగిపోయేవాడు. ఏ లైను అని అడిగే తీరిక, దేవుడి దయవల్ల, ఎవరికీ ఉండేది కాదు.

మొదటి పొయ్యిని రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో మా మేనత్త ఇంట్లో వేశాను. మామయ్య, కొడుకు, ఆమె, ముగ్గురే మనుషులు. ముందు గదిలో కిరాణం, వెనక వంట. ఆమె దగ్గు వింటే సరుకులకు వచ్చినవాళ్లు బేరం ఆడకుండా పోయేవారు. మామయ్యకు ఆ దగ్గు మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు.

ఆ పొయ్యిని తీరిగ్గా వేశాం. ఆమె అన్నం వండే గంజును తడిమట్టి మీద ఆనించి కొలత తీసుకున్నాం. ఆమె వాడే కందికట్టె ఎంత పొడుగో చూసి నోరు పెట్టాం. ఆమె కాదంటే కూలగొట్టి మళ్లీ పెట్టాం. శుక్రవారం పొద్దున పాత పొయ్యిని తన చేత్తోనే పగలగొట్టి, కొత్తదానికి పసుపు పూసి, పాలు పొంగించింది. పొగ బుద్ధిగా గొట్టంలోంచి ఎక్కి పెంకుల మీదికి పోయింది. కళ్లు తుడుచుకోకుండా వంటింట్లో నిలబడ్డ మా అత్త, గోడ మీద మసిపట్టిన క్యాలెండర్‌ను బట్టతో తుడిచి చూసింది. ఇన్నేళ్లు ఏ దేవుడికి మొక్కుతున్నదో ఆరోజే తెలిసిందట.

మా పెద్దసారు జీపులో వచ్చి చూశాడు. మంచివాడు. అదే చిక్కు. వంటింట్లోనే పీటమీద కూర్చుని చాయ్ తాగాడు, కంట్లో నీరు రాలేదు. ఒక్క ఇంట్ల అయితే ముచ్చట, దేశమంత అయితే పథకం అన్నాడు. ఇంటికి ఇన్ని కట్టెలు మిగిలితే ఊరికి ఎన్ని, జిల్లాకు ఎన్ని, అడవి ఎంత నిలుస్తుంది, వానలు ఎట్లా వస్తాయి అని లెక్క కట్టుకుంటూ పోయాడు. చాయ్ అయిపోయేలోపు దేశం చల్లబడింది.

వెంటనే మా అత్త పొయ్యి కొలతలతో ఇనుప అచ్చు చేయించారు. అందరి గంజులు ఒకటే సైజు ఉండవు కదా సార్ అని నేను గొణిగాను. "ఇంటికో కొలత అంటే దేశం ఎట్ల నడుస్తదయ్యా?" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. పాత పొయ్యిల జోలికి పోవద్దు, కొత్తది పగిలితే జనం పస్తులుండొద్దు, దాని పక్కనే ఇది వేయాలి. ఎంత ముందుచూపో అని నేను తల ఊపాను. గట్టిగానే ఊపాను.

వరంగల్ నుంచి లారీలో సిమెంటు గొట్టాలు దిగాయి. ఊరివాళ్లకు నా మీద నమ్మకం లేదు, ఉండాల్సిన పనీ లేదు. మా అత్తే ఇల్లిల్లూ తిరిగింది. నా ఇంటికొచ్చి చూడండి, నాది పూచీ అని చెప్పింది. ఆమె సరుకులు ఉద్దెర ఇచ్చే మనిషి కాబట్టి ఎవరూ కాదనలేదు. ఇంటింటా పాతదాని పక్కన కొత్తది వేశాం.

మా దిక్కు ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయంటే రెండు సంసారాలని అర్థం. అన్నదమ్ములు వేరుపడితే గోడ తర్వాత లేస్తుంది, పొయ్యి ముందు లేస్తుంది. ఇది పసిపిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు. సర్కారు పొయ్యిని కూడా ఎవరైనా పొయ్యి కింద లెక్కిస్తారని మాత్రం అనుకోలేదు. జనం లెక్కించారు. అందుకే ఒక్కరూ అంటించలేదు. అలికి ముగ్గులేసి, లోపల ఉల్లిగడ్డలు పోసుకున్నారు. ఒకచోట కోడి పొదిగింది.

అంటించింది ఒక్క అత్త ఎదురింట్లోనే. పెద్ద కాపుదనం, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు, వీళ్లందరి మీద ఒక అవ్వ. చిన్నకోడలిది పసిబిడ్డ తల్లి పానం. పొగలో బిడ్డ ఎక్కిళ్లు పెడుతుంటే ఒకనాడు పొద్దున్నే కొత్తపొయ్యి మీద పాలు కాచింది. దాని పొగ వంటింట్లోకి రాలేదు. అంతా కప్పు మీదికి పోయింది. పెద్దకోడలు రాజేసిన పాత పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి, కొత్తది గొట్టంలోంచి, ఒకే కప్పు మీద రెండు పొగలు. పాలు పొంగేలోపు కబురు బస్టాండు దాకా పోయింది.

పెద్దకొడుకు బావి దగ్గర విన్నాడట. ఇంటికొచ్చి తమ్ముణ్ని, నాకొక మాట చెప్పొద్దా అని అడిగాడట. పొయ్యి సర్కారోడు పెట్టిండని తమ్ముడు. కట్టెలు కూడా సర్కారోడే అంటుపెట్టిండా అని అన్న. అక్కడినుంచి మాట మీద మాట పెరిగి ఎద్దుల జత దాకా వచ్చింది. చెరొక ఎద్దు అన్నారు. ఒక్క ఎద్దుతో దున్నినవాణ్ని నేనింకా చూడలేదు. పంపకానికి మర్నాడు పెద్దమనుషులు కూర్చుంటారని తేలింది.

మా అత్త బస్సు కండక్టరుతో కబురు పంపింది. పరుగున పోయాను. తిడుతుందని తయారై, ఒకటి రెండు జోకులు కూడా దగ్గర పెట్టుకున్నాను. ఆమె తిట్టలేదు.

"పొయ్యి నువ్వు పెట్టినవు, అల్లుడా. మాట నేనిచ్చిన," అన్నది. జోకులు జేబులోనే ఉండిపోయాయి.

ఇద్దరం ఎదురింటికి పోయాం. అవ్వ గడపలో కూర్చుని ఉంది. నేను నిలబడి తప్పు పథకానిదని, ఇంటివాళ్లది కాదని చెప్పాను. తాగే నీళ్లకు బోరింగు వెయ్యమంటే రాని సర్కారు, అన్నదమ్ములను పంచడానికి మాత్రం అడగకముందే వచ్చిందని పెద్దకొడుకు అన్నాడు. నాకే నవ్వొచ్చింది, నవ్వే ముఖం లేదు.

మా అత్త ఒక దారి చెప్పింది. తాను చేసినట్టే పాతదాన్ని పగలగొట్టి, కొత్తదాన్ని అవ్వ చేత్తోనే అంటిస్తే, ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. అవ్వ సరేనన్నది. మొదట గంజు పెట్టి చూద్దామన్నది.

పెద్దకోడలు గంజు తెచ్చింది. ఇంటిల్లిపాదికీ, పొలంలో చేసే జీతగాళ్లకూ అన్నం వండే గంజు. ముగ్గురి ఇంటి కొలతతో చేసిన పొయ్యి మీద అది ఆనలేదు, ఊగింది. అవ్వ వేలితో ముట్టుకుంటే పక్కకు ఒరిగింది. అందరూ నన్ను చూశారు.

సారుతో మాట్లాడి పెద్ద అచ్చు చేయిస్తానన్నాను. మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"మల్ల మాటియ్యకు."

ఇక మిగిలింది ఒక్కటే, కొత్తదాన్ని పడగొట్టడం. గడ్డపార అడిగాను. అప్పటిదాకా బిడ్డను భుజాన వేసుకుని తలుపు చాటున నిలబడ్డ చిన్నకోడలు ముందుకొచ్చింది.

"పొగ లేకుంట ఒక్క పూట పాలు కాసుకున్న. గది తప్పా, అన్నా?"

కాదు అనాలి. గడ్డపార ఎత్తాను. అది పడ్డ చప్పుడు ఇంకా గుర్తుంది. మట్టి, పొట్టు కలిపి మేమే గట్టిగా చేసినందువల్ల ఆ పొయ్యి తొందరగా పగలలేదు. మా పథకంలో నాణ్యత బాగుందని చెప్పడానికి ఇదొక్కటే సాక్ష్యం. మా అత్తది పోను, ఊరంతటిలో నిజంగా వెలిగిన ఒకే ఒక్క పొయ్యిని సూపర్‌వైజరే కూలగొట్టాడు. పెద్దకొడుకు గొట్టం ఊడబీకి, పెంకు సర్దాడు. తమ్ముడు కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. పెద్దమనుషులకు రావద్దని కబురు పోయింది.

అన్నం తిని పొమ్మన్నారు. పాత పొయ్యి రాజుకుంది, గది నిండింది, మా అత్తకు మళ్లీ దగ్గు వచ్చింది. చిన్నకోడలు బిడ్డను పెద్దకోడలికిచ్చి బయటికి పంపి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నాకు వడ్డించింది. ఆ నీళ్లు పొగకో, మరి దేనికో, నేను తలెత్తి చూడలేదు. పప్పు ఇంకొంచెం వేయమంటావా అన్నా అని అడిగింది. వద్దనడానికి నాకు ముఖం లేదు, తినడానికి అసలే లేదు. వేయమన్నాను.