పాండేసర షెడ్డులో ఒకటే కిటికీ

మా చిన్నప్పుడు... బడి వదలగానే నేరుగా మగ్గాల షెడ్డుకే వెళ్లేవాళ్లం. నేనూ, మా పక్క గదిలో ఉండే సరోజా. సూరత్ పాండేసరలో మా బాపు మగ్గాలు నడిపేవాడు. సరోజ వాళ్లమ్మ అదే షెడ్డులో కిటికీ కింద కూర్చుని కండెలకు నూలు చుట్టేది. సరోజ ఆమె పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేది.

ఒక ఎండాకాలం పోగులు ఊరికే తెగడం మొదలైంది. ఒకటి ముడివేస్తే ఇంకొకటి... ఇలాగైతే మగ్గాలు వేరే కారీగర్‌కు ఇస్తానని షెడ్డు యజమాని సేఠ్ చెప్పి వెళ్లాడు.

నేను ముడి వేయబోతే బాపు చెయ్యి పట్టుకున్నాడు.

"తెగిన కాడ ఏం జూస్తవ్‌రా? గాడ తప్పుండదు. ఎన్కకు పో."

ఎన్కకు పోవడం మాకు బాపు నేర్పిన ఆట. బట్ట నుంచి అచ్చు, అచ్చు నుంచి పడుగు, పడుగు నుంచి దాన్ని చుట్టిన బీము... దేన్ని ఏది కదిలిస్తుందో వేళ్లతో తడుముతూ నడవాలి. నేను బీము దగ్గర ఆగిపోయాను. సరోజ ఆగలేదు. పడుగు మీద చెయ్యి ఆనించి, ముఖం పక్కకు తిప్పింది.

"మామా, ఖిడ్కీ! వేడి గాలి సీదా దీన్మీదనే కొడ్తుంది."

నిజమే. గంజి పట్టించిన పోగులు ఆ గాలికి పెళుసెక్కుతున్నాయి. బాపు కిటికీ మూసి మేకు కొట్టాడు. నేల మీద నీళ్లు చల్లాడు. పోగులు తెగడం ఆగింది. మగ్గాలు మాకే ఉన్నాయి.

"నువ్వు ముడి కాడనే ఉన్నవ్. ఇంజనీరమ్మ ఖిడ్కీ దాక పోయింది" అని బాపు నవ్వాడు.

"గీ మొద్దుకు పిల్లనెవ్వరిస్తరన్నా?" అంది సరోజ వాళ్లమ్మ, కండె వదలకుండానే.

తర్వాత ఆమే సరోజనిచ్చింది.

ఆ కిటికీ మళ్లీ తెరవలేదు; దాని కిందే సరోజా, వాళ్లమ్మా ఏళ్ల తరబడి కూర్చున్నారు. మగ్గాల నుంచి లేచే నూలు పీచు బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే... ఎన్కకు పోవడం నేర్చుకున్నాం. ముందుకు పోయి చూసే ఆట మాకెవరూ నేర్పలేదు. సరోజ వాళ్లమ్మ దగ్గుతూనే పోయింది. వయసు అనుకున్నాం.

నేనిప్పుడు కాలేజీలో ఈ పాఠమే చెబుతాను. ఒకచోట సరిచేస్తే ఇంకెక్కడ ఏం చెడుతుందో, బోర్డు మీద బాణాలు గీసి చూపిస్తాను.

పోయిన వానాకాలం సరోజను ఆస్పత్రిలో చేర్చాను. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. కట్టెల పొయ్యా అన్నాడు. కాదన్నాను.

సరోజ మాస్కు కాస్త జరిపింది.

"తెగిన కాడనే జూస్తున్నడు... ఎన్కకు పొమ్మను."

నా వైపు తిరిగి, "ఖిడ్కీ నేనే జూపిచ్చిన గదా" అంది.

నేను ఆమె మాస్కు సరిచేశాను. ఆ వారమే పోయింది.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. సూరత్‌లోనే, ఆల్థాన్‌లో మా ఫ్లాటుకు కిటికీలు చాలా ఉన్నాయి. అన్నీ తెరిచే ఉంచుతున్నాను... గాలి బాగా వస్తుంది.

మీ ఇంట్లోనో, మీ వాళ్లు పనిచేసిన చోటనో, మంచికే అనుకుని మూసిన కిటికీ ఏదైనా ఉంటే రాయండి. దాని కింద ఎవరు కూర్చునేవారో... అది కూడా రాయండి.