గట్టు మీద గది కాబోయిన బండి

మా బండి మొరాయించడం మొదలైంది సరిగ్గా ఆయుధ పూజ రోజున. ఆ మాట నేను ఇద్దరు మెకానిక్‌లకి చెప్పాను. ఇద్దరూ తలాడించారు గానీ, అంతకు ముందు రోజుల్లో బండికి ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. "బ్యాటరీ ఎప్పుడు కొన్నారండీ?" అని మాత్రం అడిగారు. అదీ నన్ను కాదు, బండిలో వెనక పడుకుని ఉన్న మా ఆయన్ని.

వెన్నుకి ఆపరేషన్ అయ్యాక ఆయన ఎక్కువసేపు కూర్చోలేరు. బస్సూ రైలూ మానేశారు. అప్పుడు నేనొక పాత వ్యాను కొని, వెనక సీట్లు తీయించి, మంచమూ చిన్న గ్యాస్ పొయ్యీ ఫ్యానూ పెట్టించాను. వెనక సామానుకి విడిగా ఒక బ్యాటరీ వేయించాను. అరవై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలో ఉన్న ఆడపడుచు ఇంటికీ, చలికాలం ఉదయాల్లో కొల్లేరుకీ ఆయన్ని అందులోనే తీసుకెళ్ళేదాన్ని. కిటికీ పక్కన తలగడ వేసేదాన్ని. గూడబాతులు కనిపించగానే "ఇంజను ఆపు, బెదురుతాయి" అనేవారు. ఆ బండి లేకపోతే ఆయనకి మిగిలేవి పడకగది గోడలే.

దసరాకి ముందు మా మరిది వచ్చి, "వదినగారూ, పూజకి బండి పెళ్ళికూతురిలా ఉండాలండీ" అని తీసుకెళ్ళి రంగు వేయించుకొచ్చాడు. పైన తెలుపు, కింద చాసిస్ అంతా నలుపు. "తుప్పు కనబడితే ఒప్పుకోనన్నాను. పట్టీలు కూడా విప్పించి ఆ కిందా రంగు వేయించాను" అన్నాడు గర్వంగా.

పూజ నాడు పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను ఎక్కి కీ తిప్పాను. టక్కుమంది, అంతే. నిమ్మకాయలు నలగకపోతే అరిష్టమని నలుగురూ కలిసి తోశారు. తోపుకి ఇంజను అందుకుంది. తోస్తే స్టార్ట్ అయ్యే బండి తోసేవాళ్ళున్న ఇంటికి పనికొస్తుంది. మా ఇంట్లో ఉన్నది నేనూ, మంచం మీద ఆయనా.

వట్లూరు దగ్గర ఒక మెకానిక్ ముందుగా బ్యాటరీ మార్చాడు. టక్కుమంది. "వెనక ఫ్యానూ లైట్లూ పెట్టారు కదండీ, కరెంటంతా అవే తాగేస్తున్నాయి" అన్నాడు. వాటికి వేరే బ్యాటరీ ఉందన్నాను. "ఏదైనా బండి ఒకటే కదమ్మా" అన్నాడు.

రెండో అతను సెల్ఫ్ మోటారు మార్చాడు. మళ్ళీ టక్కుమంది. నేను హెడ్‌లైట్లు వేసి కీ తిప్పి చూపించాను. "చూడు నాయనా, లైట్లు ఏమాత్రం మసకబారడం లేదు. బ్యాటరీలో బలం ఉంది. అది మోటారులోంచి పారడం లేదు."

"ఎండగా ఉందమ్మా, మీరు నీడలో కూర్చోండి" అని, అతను వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. "సార్, వైరింగంతా పాతబడిపోయిందండి."

"నాకు ఫ్యూజు వేయడం కూడా రాదయ్యా" అన్నారు మా ఆయన. "బళ్ళో ఫిజిక్స్ చెప్పింది ఆవిడ. ఆవిడతో చెప్పు."

"సార్ భలే జోకులేస్తారండి" అని నవ్వాడతను.

బండి సంగతి చూస్తానని వచ్చిన మూడోవాడు మా మరిది. అతను మెకానిక్‌ని తేలేదు, ఉండి ఊరి నుంచి చేపల చెరువుల ఆసామిని వెంటబెట్టుకొచ్చాడు. "దిష్టి తగిలిన బండి వదినగారూ, వదిలించుకోండి" అన్నాడు.

ఆసామి మర్యాదస్తుడే. చెప్పులు విప్పి లోపలికి ఎక్కి, మంచం నొక్కి చూశాడు. "ఇంజనుతో నాకేం పనుందండీ. చెరువు గట్టు మీద నిలబెడితే కాపలావాడికి గది అయిపోద్ది. ఆదివారం ట్రాక్టరుతో లాక్కెళ్తాను."

"గట్టు మీదికి గూడబాతులు వస్తాయా?" అని ఇంట్లో కిటికీ పక్క మంచం మీంచి అడిగారు మా ఆయన.

"వస్తాయండీ, వస్తే టపాకాయలు కాల్చి తోలేస్తాం. చేపల్ని బతకనివ్వవు కదండీ."

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అది ఒప్పుకోవడమని తీసుకుని మా మరిది ఆదివారం ఖాయం చేసేశాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. బండి నా పేరు మీద ఉంది.

శనివారం పొద్దున్నే వోల్టు మీటరు తీసుకుని కూర్చున్నాను. దసరాకి ముందు రోజు దాకా ఒక్క తిప్పుకే అందుకున్న బండి అది. మధ్యలో జరిగింది రంగు వేయడమొక్కటే. కరెంటు బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్తే సరిపోదు, ఇంజను లోహం మీదుగా, చాసిస్ మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. ఏడాదికొక తరగతికి ఇదే పాఠం చెప్పి రిటైరైనదాన్ని. నా బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీడలో కూర్చోవాలట.

కీ తిప్పడానికి రెండో మనిషి కావాలి. మా ఆయన నడుం కింద దిండు పెట్టుకుని, మెల్లగా ముందు సీట్లోకి వచ్చారు.

"ఏవండీ, నేను చెప్పినప్పుడే తిప్పండి."

"ఏ వైపు?"

"ఇన్నేళ్ళూ వెనక నుంచి చూడలేదా? కుడివైపు."

మీటరు ఒక కొన ఇంజనుకీ, రెండోది చాసిస్ మీద నేను గీకిన చోటా ఆనించాను. ఆయన కీ తిప్పారు. రెండింటి మధ్య సున్నాకి దగ్గరగా ఉండాల్సిన ముల్లు బ్యాటరీ చూపేంత వోల్టేజీ దగ్గరికి లేచింది. ఇంజనునీ చాసిస్‌నీ కలిపే ఎర్త్ పట్టీ కిందే ఉంది. బోల్టు విప్పితే పట్టీ కింద నల్లరంగు అట్టలా పేరుకుని ఉంది. బోల్టుకి కూడా రంగే. రంగులోంచి కరెంటు పోదు. గరుకు కాగితంతో ఇనుము తెల్లబడేదాకా రుద్ది, మళ్ళీ బిగించాను.

"తిప్పండి."

ఇంజను అందుకుంది. మా ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నారు.

ఆదివారం ట్రాక్టరు వచ్చేసరికి బండి వాకిట్లో నడుస్తోంది. "అయితే టీ ఇప్పించండమ్మా" అని, తాగి వెళ్ళిపోయాడు ఆసామి. మా మరిది చేతులు జోడించి, "చూశారా, ఆ నిమ్మకాయలు ఊరికే పోలేదండీ" అన్నాడు. రంగు అంటిన గరుకు కాగితం అతని చేతిలో పెట్టి, వచ్చే దసరాకి బొట్టు తప్ప నా బండి మీద ఇంకేమీ పెట్టొద్దన్నాను. వట్లూరులోనైతే ఆ బండిని సారే బాగు చేసుకున్నారని చెప్పుకుంటున్నారట.

మర్నాడు తెల్లవారి కొల్లేరుకి వెళ్ళాం. గట్టు మీద మలుపు తిరగగానే గూడబాతులు కనిపించాయి. వెనక నుంచి ఆయన "ఆపు" అనబోయి ఆగారు. చుట్టూ తోసే మనిషి ఒక్కడూ లేడు.

"ఆపితే మళ్ళీ అవుతుందా?"

"అవుతుంది" అన్నాను, కాస్త కోపంగానే. ఇంజను ఆపేశాను.