నీటి పన్నుకు ఎత్తిన చెయ్యి

మొన్న అసెంబ్లీలో బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజు మా అమ్మాయి ఇంట్లో టీవీ ముందు కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నాను. మంత్రిగారు గుక్క తిప్పుకోకుండా అంకెలు చదివి చదివి, చివరికి ఈ ఏడు ప్రజల మీద కొత్త పన్నులేవీ లేవని ప్రకటించేసరికి సభలో బల్లలు దద్దరిల్లిపోయాయి. కాలేజీ లేక ఇంట్లోనే ఉన్న మా మనవరాలు ఫోన్లోంచి తలెత్తి, ఎందుకమ్మమ్మా అంత గోల అని అడిగింది. పన్నులు వెయ్యనందుకే అన్నాను. అయితే మరి డబ్బులెక్కణ్ణుంచొస్తాయి అంది, అని నా జవాబు కోసం ఆగకుండా మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏదో మాటవరసకి అన్నది గానీ నాకు మాత్రం ఇక కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. పళ్ళెం పక్కన పెట్టి వరండాలోకి వెళ్ళాను, లోపలికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. సరిగ్గా ఆ ప్రశ్నే ఒకప్పుడు నేనూ అడిగాను, ఆ తరవాత నా బతుకు కొన్నేళ్ళపాటు తిన్నగా నడవలేదు.

మాది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. పెళ్ళయ్యాక కంచరపాలెం వచ్చాను. మా ఆయన పోర్టులో పని చేసేవారు, యూనియన్‌లో మంచి మాటకారి, గేటు దగ్గర ఆయన మాట్లాడుతుంటే షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్ళు కూడా సైకిలు దిగి నిలబడేవారు. కార్పొరేషన్ ఎన్నికల్లో తనే నిలబడాలని ఆయన చాలాకాలంగా అనుకుంటూ ఉండగా, తీరా ఎన్నికలొచ్చే వేళకి మా వార్డు ఆడవాళ్ళకి కేటాయించారు. పార్టీవాళ్ళు ఇంటికొచ్చి, మీరు కాకపోతే మీ ఇంటావిడ, పేరు ఆవిడది, పని మీది అని ఆయన్ని ఒప్పించారు. నన్నెవరూ అడగలేదు. వంటింట్లో పప్పు తిరగమోత వేస్తున్న నాతో మా అత్తగారు మాత్రం మెల్లిగా, "ఎల్లి నిలబడే అమ్మా, ఓడిపోతే ఏటౌద్ది? కూడొండుకోడానికి ఇల్లెలాగా ఉంది" అన్నారు. నిలబడ్డాను, గెలిచాను. గెలిచింది మా ఆయన మాటలే అనుకోండి.

మీలో నా యీడు వాళ్ళకి వీధి కుళాయి అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఇప్పటి పిల్లలకి మాత్రం ఎంత చెప్పినా అందదు. మా వీధి కొండవాలున ఉండేది కాబట్టి దిగువ కుళాయి నీళ్ళు మా దాకా ఎక్కేవి కావు. తెల్లారకుండానే ఆడవాళ్ళందరం బిందెలు చంకనెత్తుకుని రైలు పట్టాలు దాటి అవతలి వీధికి వెళ్ళేవాళ్ళం, అక్కడివాళ్ళు ముందు తమవి నింపుకుని మిగిలితే మాకు వదిలేవాళ్ళు, ఆ మిగిలినదాని కోసం మాలో మేము జుట్లు పట్టుకునేవాళ్ళం. నీళ్ళు దొరికిన రోజు పండగ, దొరకని రోజు ఇంట్లో ఎవరో ఒకరి మీద విసురు. మా ఎదురింటి వదిన, అంటే చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నదే, ఒక వానాకాలం నిండు బిందెతో పట్టాలు దాటుతూ జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆవిణ్ణి ఆటోలో ఎక్కించినప్పుడు పట్టుకున్నది నేనే. అంత నొప్పిలోనూ బిందె సొట్టపోయిందని ఏడ్చింది పాపం. ఆ తరవాత ఆవిడ కర్ర లేకుండా నడవలేదు. కార్పొరేటర్నయ్యాక మొదటిసారి కౌన్సిల్ హాలుకు వెళ్తున్నప్పుడు నా మనసులో వేరే ఏ సంకల్పమూ లేదు, మా వీధికి నీళ్ళు ఎక్కాలి, అంతే.

ఆ ఏడు రాష్ట్ర బడ్జెట్‌లో ఊళ్ళకిచ్చే సొమ్ము తగ్గించారు. మీ ఆదాయం మీరు పెంచుకోండి, లేకపోతే మీ నీళ్ళూ దీపాలూ మీరే చూసుకోండి అన్నది దాని సారాంశం. దాంతో కౌన్సిల్లో పాలక పక్షం ఇంటి పన్నుతోపాటు నీటి పన్ను కొత్తగా కలుపుతామని, దానితో కొండవాలు వీధులన్నిటికీ గొట్టాలు వేస్తామని బడ్జెట్‌లో పెట్టింది. మాది ప్రతిపక్షం. మావాళ్ళంతా ఒక కల్యాణ మండపంలో కూర్చుని, పేదల నెత్తిన పన్నుల భారం అని ఎలా అరవాలో, ఎప్పుడు లేచి నిలబడాలో, ఎప్పుడు బయటికి నడిచి విలేఖర్ల ముందు నిలబడాలో మాకు చెప్పారు. పన్ను వద్దంటున్నాం సరే, మరి గొట్టాలకి డబ్బులెలా అని నేను అడిగాను. పార్టీ పెద్దాయన నవ్వి, "అది మనం గెలిచినాక సూద్దాం లేమ్మా" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వేననుకుంటాను. నవ్వి ఇంటికొచ్చాను గానీ ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నీళ్ళ విభాగం ఇంజినీరుగారి దగ్గరికి వెళ్ళి అడిగితే ఆయన, డబ్బుంటే ఏడాదిలో వేస్తామమ్మా, లేకపోతే నాకూ తెలీదు అని ఉన్నమాట చెప్పారు.

కౌన్సిల్లో నా పక్క కుర్చీ ఒక ఆపాది. పాతనగరం వార్డు నుంచి నాలాగే కోటాలో వచ్చింది, మా పార్టీయే. పూర్ణా మార్కెట్‌లో వాళ్ళాయనకి గాజుల కొట్టు ఉండేది. నాకంటే పెద్దది కనక వాళ్ళ మాటలో అక్క అన్నట్టు ఆపా అనే పిలిచేదాన్ని. మొదటి సమావేశంలో మా ఇద్దరికీ మైకు నొక్కడం రాక ఒకరి మైకు ఒకరం నొక్కుకుని నవ్వుకున్నాం, అప్పట్నుంచీ స్నేహం.

బడ్జెట్ సమావేశం రోజున మా ఆయన తన చేత్తో రాసిచ్చిన ఉపన్యాసం పట్టుకుని వెళ్ళాను. బాగా రాశారు, అందులో వంక పెట్టడానికి లేదు. నా వంతు రాగానే లేచి మొదటి రెండు మూడు వాక్యాలు చదివాను కూడా. పేదల కన్నీళ్ళు అన్న మాట దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేశాను, కన్నీళ్ళ సంగతి సరే, అసలు మా పేదలకి కావలసిన నీళ్ళ సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. కాగితం కింద పెట్టేశాను. మా వీధి ఆడవాళ్ళు పట్టాలు దాటడం గురించి, ఎదురింటి వదిన మోకాలి గురించి, నీళ్ళు మోసి మోసి కూలికి ఆలస్యంగా వెళ్ళి పని పోగొట్టుకున్నవాళ్ళ గురించి నోటికొచ్చినట్టు చెప్పాను. పన్ను కడితే నీళ్ళొస్తాయంటే మా వీధి కడుతుంది, వెయ్యండి, కానీ వేసిన పన్నుతో ముందు గొట్టమే వెయ్యాలి అన్నాను. పాలక పక్షం వాళ్ళు బల్లలు కొట్టడం మొదలుపెట్టారు, మావాళ్ళు అరవడం మొదలుపెట్టారు. ఆపా నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగుతూ, "కూసోవే తల్లీ, నిన్ను బతకనివ్వరు" అని గొణుగుతూనే ఉంది. చేతులెత్తమన్నప్పుడు మా వరసలో నా చెయ్యొక్కటే లేచింది.

బయటికి రాగానే పార్టీ పెద్దాయన, కోపంగా కూడా కాదు, జాలిగా చూస్తూ అన్న మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది. "నీ సెయ్యి లేకపోయినా అది పాసైపోయేది గదమ్మా, వాళ్ళకి మంది ఉన్నారు. ఊరికే ఎందుకు సెడిపోయావు?" నిజమే, పాసవుతుందని అందరికీ తెలుసు. ఎలాగూ పాసవుతుందని తెలిసే మావాళ్ళు వద్దని అరిచారు. నీళ్ళూ రావాలి, పన్ను పాపం మాత్రం మనకి అంటకూడదు, ఇదీ లెక్క. ఆ సంగతి నాకు బస్సెక్కి ఇంటికొస్తూ ఉండగా అర్థమైంది, అర్థమయ్యాక బస్సులో కూర్చోలేక ఒక స్టాపు ముందే దిగి నడిచాను.

మర్నాడు పొద్దున్నే మా వీధి మా గుమ్మం ముందుకొచ్చింది. ఖాళీ బిందెలు తెచ్చి మా అరుగు నిండా బోర్లించారు. అందరికన్నా ముందు కర్ర ఊతంతో ఎదురింటి వదిన.

"నా మోకాలి పేరు సెప్పి మా నెత్తిన పన్నెడతావేటి? నాను సెప్పమన్నానా నీకు?" అని అరిచింది.

"నీళ్ళు రావాలి కదొదినా" అన్నాను.

"నీళ్ళు నాకొద్దన్నానా? పన్నొద్దన్నాను. ఆడోళ్ళం ఓట్లేసి పంపితే మాకే ఎసరెడతన్నావు!"

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, గేటు దగ్గర వందల మందిని నిలబెట్టిన మనిషి మా అరుగు మీద ఒక్క మాటా పలకలేదు. అప్పుడు మా అత్తగారు లోపల్నుంచి వచ్చి, బోర్లించిన బిందెలు ఒక్కొక్కటీ తీసి తిన్నగా పెడుతూ, "సాల్లే, అరిసింది సాలు. నాను కడతాను ముందు. మీరెవలూ కట్టకపోతే నా ఒక్కదాని ఇంటికే ఏయించుకుంటాను గొట్టం, అప్పుడు నా కాడికే రావాలి మీరు" అన్నారు. నవ్వాలో తిట్టాలో తెలియక జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

పార్టీ నన్ను వెలివేసింది. పోర్టులో మా ఆయన్ని తోటివాళ్ళు, ఏటి బావా, ఇంటావిడ పన్నేసిందట కదా, నీ జీతంలో కూడా కోసిందా అని ఎగతాళి చేసేవారట. ఆయన ఇంటికొచ్చి అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకునేవారు. నాతో ఏదైనా చెప్పాలంటే మా అత్తగారికి చెప్పేవారు. ఒకే ఇంట్లో ఉంటూ అలా ఏళ్ళు గడిచాయి.

గొట్టాల పని మొదలైంది. వీధి పొడుగునా గోతులు తవ్వారు. ఇంతలో అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడ్డాయి, రాష్ట్ర ప్రభుత్వం ఊళ్ళల్లో నీటి పన్నులన్నీ రద్దు అని ప్రకటించేసింది. మా వీధిలో టపాసులు పేల్చారు. పన్నుతోపాటు పని కూడా ఆగిపోయింది. వానలొచ్చి గోతులు చెరువులయ్యాయి, ఆ బురదలోంచి బిందెలతో వెళ్ళడం మునుపటికంటే నరకం, దానికీ తిట్లు నాకే.

ఒక రోజు ఆపా మా ఇంటికొచ్చింది. పాతనగరం నుంచి బస్సు మారి, బురదలో పాదాలు ఎత్తి పెట్టుకుంటూ వచ్చింది. ఆవేళ నీతో సెయ్యెత్తలేకపోయాను, పిల్లలున్నోళ్ళం, భయమేసింది, నాకు కాళ్ళున్నాయి కదా, పద, ఎక్కడికి తిరగాలో అక్కడికి తిరుగుదాం అంది. అప్పట్నుంచి మేమిద్దరం తిరగని ఆఫీసు లేదు. గెలిచిన ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్నాం, కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చున్నాం, పెద్ద ఆఫీసర్లు మమ్మల్ని చూడగానే టీ తెప్పించి మాట తప్పించేవారు. ఆపా బురఖా, నా నేత చీర కనబడితే బంట్రోతులు, అదిగో నీళ్ళమ్మలొచ్చారు అనేవారు. నా పదవీకాలం ముగిసిపోవడానికి కొద్ది నెలల ముందు ఎక్కడిదో నిధి ఒకటి మంజూరై మా గోతుల్లోకి గొట్టాలు దిగాయి.

నీళ్ళొచ్చిన పొద్దున్న వీధంతా బయటే ఉంది. ముందు గాలి వచ్చింది, తరవాత ఎర్రటి నీళ్ళు, తరవాత తెల్లటి నీళ్ళు. మా అత్తగారు కుళాయి కింద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. ఎదురింటి వదిన తన వాకిట్లో బిందె నింపుకుని, దోసిలితో ఒక గుక్క తాగి, నాకు వినబడేలాగ, "పన్నేసినోళ్ళ నీళ్ళు కూసింత ఉప్పగున్నాయి" అంది. వీధంతా నవ్వింది. నేనూ తాగి చూశాను, ఉప్పదనం ఏమీ లేదు.

అయితే అందరూ అన్న మాట ఒకటే. చూశావా, పన్ను కట్టకుండానే వచ్చాయి కదా, అనవసరంగా అప్పుడంత చేశావు అని. వాళ్ళకి నేనేం జవాబు చెప్పను? ఆ డబ్బు ఏ వీధి దీపాల్లోంచి వచ్చిందో, ఏ బడి కప్పు వాయిదా పడితే వచ్చిందో నాకూ తెలియదు. ఎక్కడో మరో కొండవాలున మరో వదిన ఇంకా పట్టాలు దాటుతూ ఉందేమోనని మాత్రం రాత్రిళ్ళు అనిపించేది.

మళ్ళీ ఎన్నికలకి ఎవరి జెండా లేకుండా నిలబడ్డాను. చిత్తుగా ఓడిపోయాను. మా వీధి కూడా వెయ్యలేదు, ఆ సంగతి వాళ్ళ మొహాల్లోనే తెలిసింది. ఫలితాలొచ్చిన సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు, అలా పక్కన కూర్చుని చాలాకాలమైంది. తరవాత లేచి వెళ్తూ వెళ్తూ, "నాను మాత్రం నీకే ఏసాను" అన్నారు. అంతే అన్నారు. అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఆయన జన్మలో ఇవ్వలేదని నాకనిపించింది.

ఆయనా లేరు, మా అత్తగారూ లేరు. ఎదురింటి వదిన పోయినప్పుడు వాళ్ళ కోడలికి నేనే కబురు చెప్పి ఇంట్లో వాళ్ళందరికీ కాఫీ కాచాను. ఇప్పుడా వీధిలో అందరి ఇళ్ళ మీదా నీళ్ళ ట్యాంకులున్నాయి. పన్నులు లేకేం, ఉన్నాయి. సబ్బు బిళ్ళలో, బిస్కట్ పొట్లంలో, ఫోన్ రీఛార్జీలో ఉన్నాయి, ఎవరూ బిందెలు తెచ్చి ఎవరి అరుగు మీదా బోర్లించరు. ఎందుకు వేశావని నన్ను నిలదీసినట్టు ఎవర్ని నిలదీయాలో తెలియదు కనక ఎవర్నీ నిలదీయరు. కోపం వస్తే టీవీ మార్చేస్తారు. ఆ రోజు మా గుమ్మం ముందు నిలబడి నేను తిన్న తిట్లు నన్ను చాలా ఏడిపించాయి, ఆ మాట దాచను. కానీ పన్నుకీ మనిషికీ మధ్య ఒక గుమ్మం దూరమే ఉన్న రోజులవి. ఇప్పుడా దూరం ఎంతో, నడిచి వెళ్ళి అడుగుదామంటే ఎటు నడవాలో, నాకు తెలియడం లేదు.